నానా నేసిన ఖాలీన్

మా ఇంట్లో దాన్ని తివాచీ అనరు, కార్పెట్ అని అసలే అనరు. ఖాలీన్ అంటారు. నేల మీద పరుచుకునేవి మాకు చాలానే ఉన్నాయి. జంఖానాలున్నాయి, షత్రంజీలున్నాయి, ప్లాస్టిక్ చాపలకైతే లెక్కే లేదు. ఖాలీన్ మాత్రం ఒక్కటే. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఎర్ర నేల, చుట్టూ నీలం హాషియా, లోపల మీగడ రంగు పువ్వులు. 1974లో అమ్మీ నికాకి మా నానా ఏలూరులో తన ఇంట్లోనే నేసి ఇచ్చారు. జహేజ్‌లో వచ్చిన రాగి దేగ్చీలు, ఇనప్పెట్టె, కుట్టు మిషన్ అన్నీ ఏదో ఒక అవసరానికి ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. ఇదొక్కటీ మిగిలింది.

మొన్న డిసెంబరులో హైదరాబాద్‌లో మా తమ్ముడి కూతురి మంగ్నీ. ఖాలీన్ అప్పుడు వాళ్ళింట్లోనే ఉంది. మెహమాన్లు వస్తారు కదా, శుభ్రంగా కనిపించాలి కదా అని తమ్ముడు ఒక క్లీనింగ్ కంపెనీని పిలిపించాడు. ఫోన్‌లో బుక్ చేస్తే వ్యాన్ వస్తుంది, టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు వస్తారు, రసీదు ఇస్తారు, అంతా పద్ధతిగానే ఉంటుంది. మూడు రోజుల్లో ఇస్తామని తీసుకెళ్ళి నాలుగో రోజు తెచ్చారు.

తమ్ముడు దాన్ని కారు డిక్కీలో వేసుకుని విజయవాడ మా ఇంటికి తెచ్చేసరికి వారమైంది. విప్పగానే ముందు వాసన వచ్చింది. తడి కుక్క వాసన అంటారే, అది. దానిమీద పూల సెంటు కొట్టారు, ఇంకా ఘోరం. ఎర్ర రంగు కారి మీగడ పువ్వుల్లోకి దిగింది. పువ్వులన్నీ గులాబీ రంగు తేలాయి. నూగు మీద చెయ్యి పెడితే కొబ్బరి పీచులా గరుకు. అంచులు అప్పడంలా వంకర్లు తిరిగాయి. తెల్లగా ఉండాల్సిన ఝాలర్ ఒక పక్క టీ మరకలా గోధుమ రంగైంది, ఇంకో పక్క దారాలు పట్టుకుంటే చేతిలోకే వస్తున్నాయి. ఆ పక్కనే ఒక మూల, జానెడు కంటే కాస్త తక్కువ మేర, ముడులు ఊడి కింద పడుగు బయటపడింది.

అమ్మీకి రెండు కళ్ళూ సరిగ్గా కనిపించవు. షుగర్. తను చేత్తోనే చూసింది. ఎర్ర నేల మీద వేళ్ళు ఆడించి, "ఇది నాది కాదు, ఎవరిదో మారిపోయింది. ఫోన్ చేసి నాది తెమ్మను" అంది. నాదే అని ఒప్పించడానికి ఆ పాడైన మూల మీద చెయ్యి వేయించాల్సి వచ్చింది. ఆ మూల సంగతి తర్వాత చెప్తాను.

కంపెనీకి ఫోన్ చేస్తే మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "పాతది కదా మేడమ్, ఊల్ అంటే అంతే" అన్నాడు. బిల్లు 1,800 తిరిగి వేస్తామన్నాడు, అంతకు మించి ఏమీ రాదన్నాడు. ధోబీ చేతిలో, దర్జీ చేతిలో వస్తువు పాడైతే బాధ్యత ఎవరిది అని మన ఫిఖ్ కితాబుల్లో పేజీలకు పేజీలు చర్చ ఉంది. ఇచ్చినది అమానత్, తీసుకున్నవాడు కారీగర్ అని పేరు పెట్టుకున్నాడు. మేనేజర్‌కి ఇవన్నీ ఎక్కడ చెప్పను? పోనీ ఏం చేశారో చెప్పండి, బాగు చేయడానికి పనికొస్తుంది అని అడిగితే మాత్రం నిజం చెప్పాడు. సోఫాలకి వాడే లిక్విడ్, వేడినీళ్ళు, గుండ్రంగా తిరిగే బ్రష్ మెషీన్. ఝాలర్ తెల్లబడాలని బ్లీచ్. తర్వాత ఇనప పైపు మీద ఆరేశారు. వానజల్లు పడితే తడిగానే చుట్టి లోపల పెట్టారు.

ఏలూరులో మా మామూకి ఈ జాబితా ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఊన్ అంటే బాల్, బేటీ. వెంట్రుక. నీ జుట్టుని బట్టల సోడాతో ఉడకబెడితే ఏమవుతుంది?" అన్నాడు.

అంతే విషయం. నూలు చెట్టు నుంచి వస్తుంది, ఊన్ ప్రాణి ఒంటి మీద నుంచి వస్తుంది. నూలు సోడాకి తట్టుకుంటుంది, ఊన్ తట్టుకోదు. సోడా గుణమున్న సబ్బులు దాని పొలుసుల్ని లేపేస్తాయి, అందులోని జిడ్డుని లాగేస్తాయి. వేడికీ రాపిడికీ ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకడతాయి. ఊన్ రంగుల్లో చాలావరకు పులుపులో గట్టిగా అంటుకుంటాయి, సోడాలో వదులైపోతాయి. అందుకే ఎరుపు కారింది. ఇక బ్లీచ్ అయితే ఊన్‌ని తినేస్తుంది, ఊరికే అనడం కాదు, నిజంగా కరిగిస్తుంది. మన దేశంలో చాలా ఖాలీన్ల లాగే దీనికీ పడుగూ పేకా నూలువి, ముడులు మాత్రం ఊన్‌వి. తడిసినప్పుడు నూలు ఒక రకంగా కుంచించుకుపోతుంది, పైన ఊన్ ఇంకో రకంగా. వంకర్లు అందుకే. నూలు నెమ్మదిగా ఆరితే గోధుమ రంగు పైకి తేలుతుంది. టీ మరకలు అవి. ఆ కుర్రాళ్ళకి ఇరవై ఏళ్ళు కూడా ఉండవట. వాళ్ళకి ఇవన్నీ ఎవరూ చెప్పి ఉండరు. మెషీన్ ఇచ్చారు, లిక్విడ్ ఇచ్చారు, టోపీ ఇచ్చారు. వాళ్ళమీద నాకు కోపం లేదు. మేనేజర్ మీద ఉంది.

మామూని రమ్మని అడగడానికి కొంచెం జంకాను. ఆయన మగ్గం వదిలేసి ముప్పై ఏళ్ళవుతోంది. తర్వాత ఆటో నడిపాడు, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఖాలీన్ల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. మా ఇంటికి వచ్చినప్పుడు అందరం ఖాలీన్ మీద కూర్చుంటే ఆయన కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చునేవాడు. మోకాళ్ళ నొప్పి రాకముందు నుంచీ అంతే. ఎందుకని మాలో ఎవరం అడగలేదు.

ఏలూరు ఖాలీన్ల గురించి పిల్లలకి తెలియదు కాబట్టి రెండు మాటలు. పారసీ దేశం నుంచి వచ్చిన నేతగాళ్ళు అక్కడ స్థిరపడి ఈ పని తెచ్చారని ఏలూరులో తరతరాలుగా చెప్పుకుంటారు. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. తంగెళ్ళమూడి వైపు ఇంటింటికీ మగ్గం ఉండేదని అమ్మీ చెబుతుంది. సరుకంతా ఐరోపా దేశాలకి పోయేది, నేసినవాళ్ళ ఇళ్ళలో మాత్రం చాపలే. తెలంగాణలో వరంగల్‌కి ఇంతకంటే పెద్ద పేరు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి వరంగల్ ఖాలీన్లు వెళ్ళాయి. తర్వాత తర్వాత అక్కడ దరీలు నిలిచాయి, 2018లో వరంగల్ దరీలకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఏలూరులో మగ్గాలు ఇప్పుడు చాలా తక్కువ.

మామూ వచ్చాడు. ఒక చేతిసంచిలో రెండు లుంగీలు, ఒక వంపు సూది, ఒక పాత కత్తెర. చెప్పులు విప్పి ఖాలీన్ చుట్టూ తిరిగాడు, దాని మీద కాలు పెట్టలేదు.

మొదటి రోజు నీళ్ళు తగలనివ్వలేదు. మేడ మీద నవారు మంచం వేసి, ఖాలీన్‌ని బోర్లా పరిచి, వెనకవైపు నుంచి చెక్క గరిటెతో మెల్లగా కొట్టమన్నాడు. కింద పరిచిన పాత దుప్పటి మీద దోసెడు ఇసుక రాలింది. కంపెనీవాళ్ళు దుమ్ము దులపకుండానే తడిపారన్నమాట. పొడి దుమ్ము దులిపితే పోతుంది, తడిపితే బురదై ముడుల అడుగున కూర్చుంటుంది. అసలు ఉతకడంలో సగం పని నీళ్ళు పోయకముందే అయిపోవాలి అన్నాడు మామూ.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాలేజీ ల్యాబ్‌లో అడిగి ఎర్ర లిట్మస్ కాగితాలు తెచ్చింది. తడి గుడ్డ ముక్క నూగు మీద అదిమి, దాన్ని కాగితానికి తగిలిస్తే కాగితం నీలంగా మారింది. సోడా ఇంకా అందులోనే ఉంది. మామూకి లిట్మస్ తెలియదు, తడి గుడ్డని నాలుక కొసకి తగిలించి "హౌ, ఉంది" అన్నాడు. ఆ పని మీరు చేయకండి.

రెండో రోజు సిర్కా. బకెట్ చల్లటి నీళ్ళకి గ్లాసుడు తెల్ల సిర్కా. బోరు నీళ్ళు వద్దన్నాడు, అందులో ఉప్పులుంటాయి, కుళాయి నీళ్ళే పట్టాం. ముందు ఒక అంచున పోసి, తెల్ల గుడ్డ అదిమి చూసి, ఎరుపు ఇంకా కారడం లేదని నమ్మకం కుదిరాకే మిగతా దాని మీద పోశాడు. మేడ వాలుకి ఖాలీన్ పరిచి, పై నుంచి పోస్తూ, నూగు వాలిన వైపుకే రబ్బరు పట్టీతో నీటిని లాగుతూ పోవాలి. నీరు నిలవకూడదు. నిలిస్తే వదిలిన రంగు మళ్ళీ పువ్వుల్లోనే కూర్చుంటుంది. మేం చిటికెడు సబ్బు కూడా వేయలేదు, అయినా నురగ వచ్చింది. ఐదో విడత దాకా వస్తూనే ఉంది. అంత లిక్విడ్ లోపలే వదిలేసి సెంటు కొట్టి ఇచ్చారు. నీళ్ళు మొదట టీ రంగు, తర్వాత గులాబీ, తర్వాత గంజి. తొమ్మిదో విడతకి తేటగా వచ్చాయి. లిట్మస్ ఎర్రగానే ఉండిపోయింది. అమ్మాయి ఫోటో తీసి స్నేహితులకి పంపుకుంది.

ఆరబెట్టేటప్పుడు కంగారు పడాలట. ఉతకడం నిదానం, ఆరబెట్టడం తొందర. ఎండలో కాదు, నీడలో. నవారు మంచం మీద పరిచి, కింద ఒకటి, పైన ఒకటి టేబుల్ ఫ్యాన్లు పెట్టి, గంటకోసారి తిప్పాం. రాత్రి కూడా. మామూ లేచి తిప్పాడు, అమ్మీ నిద్రపట్టక ఆయనకి తోడు కూర్చుంది. తెల్లారేసరికి వాసన పోయింది. కాస్త సిర్కా వాసన మిగిలింది, అది మూడు రోజుల్లో తగ్గింది.

గులాబీ రంగు పూర్తిగా పోలేదు. కారిన వెంటనే కడిగి ఉంటే పోయేది, వారం రోజులు ఆరి పట్టేసింది. రంగులవాళ్ళు వాడే హైడ్రోస్ వేస్తే పోతుందని ఎవరో అన్నారు. మామూ ఒప్పుకోలేదు. అది కారిన రంగునీ, నానా వేసిన రంగునీ వేరుచేసి చూడదు, రెండూ లాగేస్తుంది. పెద్ద పువ్వులు మళ్ళీ మీగడ రంగుకి వచ్చాయి. హాషియా దగ్గరి చిన్నవి లేత గులాబీగా ఉండిపోయాయి. తెలియనివాళ్ళు చూస్తే డిజైనే అనుకుంటారు.

వంకర్లకి రెండు ప్లైవుడ్ షీట్లు అద్దెకి తెచ్చాం. ఖాలీన్ వెనక కాస్త తడి చేసి, బోర్లా పరిచి, అంచుల్ని కొలతకి లాగి, అంగుళానికొక ఇత్తడి మేకు కొట్టాడు. ఇనపవైతే తుప్పు మరకలు పడతాయి. రెండు రోజులు అలాగే ఉంచి విప్పితే నేలకి అతుక్కుని పడుకుంది. ఒక అంచు ఇప్పటికీ కాస్త లోపలికే ఉంది, అది అంతే.

ఇక ఆ మూల.

ఖాలీన్‌లో ప్రతి పువ్వుకీ ఆరు రేకులు. ఆ మూల పువ్వుకి మాత్రం ఐదు. ఆరోది ఉండాల్సిన చోట ఎర్ర నేల. మా ఇంట్లో దాన్ని మామూ పువ్వు అనేవాళ్ళం. అప్పుడు మామూకి తొమ్మిదేళ్ళు. నానా పక్కన మగ్గం మీద కూర్చుని ఆ మూల తనే నేశాడని, రాత్రిపూట నిద్ర తూగి ఒక రేకు మర్చిపోయాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మా చిన్నప్పుడు పిల్లలందరికీ అదొక ఆట, కళ్ళు మూసుకుని మామూ పువ్వు ఎక్కడుందో వేలితో వెతకడం. అమ్మీ ఖాలీన్‌ని గుర్తుపట్టింది ఆ పువ్వు ఉండాల్సిన చోట తడిమే. ఇప్పుడు అక్కడ పువ్వు లేదు. బ్లీచ్ సరిగ్గా అక్కడే పడింది.

ఝాలర్ అంటే చాలామంది అందం కోసం చివర కుట్టిన కుచ్చు అనుకుంటారు. కాదు. అది పడుగు దారాల కొస. అది తెగితే లోపల ముడులకి ఆధారం పోతుంది, వరసలు ఊడుతూ పోతాయి. అందుకని ముందు కొత్త నూలు దారాల్ని వంపు సూదితో పాత అల్లికలోకి లోతుగా ఎక్కించాడు. రెండు పడుగు దారాల మీద ఒక ఊన్ ముడి, వరస అయ్యాక పేక, దాన్ని కిందికి దిగ్గొట్టడానికి పంజా. ఆయన పంజా ఎప్పుడో అమ్మేశాడు, మా వంటింట్లో ఫోర్క్ అడిగి తీసుకున్నాడు. తంగెళ్ళమూడిలో ఒకప్పుడు మగ్గాలు నడిపినవాళ్ళింట్లో పాత ఊన్ లచ్ఛాలు ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఎరుపు ఖాలీన్ ముందువైపుతో కలవలేదు. వెనక్కి తిప్పి పెడితే అచ్చంగా కలిసింది. యాభై ఏళ్ళ వెలుతురు చూడని రంగు వెనకే కదా ఉంటుంది.

మా అమ్మాయి స్కేలు పెట్టి అంగుళంలో ముడులు లెక్కపెట్టింది. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు. పాడైన చోటు ఐదంగుళాలకి నాలుగు, అంటే 720 ముడులు. మొత్తం ఖాలీన్‌కి లెక్కగట్టి, "నానీ, లక్షా ఇరవై నాలుగు వేల నాలుగు వందల పదహారు" అంది. లక్షా ఇరవై నాలుగు వేలు అనగానే అమ్మీ "సుబ్హానల్లాహ్" అంది. మనవాళ్ళకి ఆ సంఖ్య వినగానే ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. మామూ తల ఎత్తకుండానే, "అందులో నావి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు" అన్నాడు.

నాలుగో రోజో ఐదో రోజో, రేకుల దగ్గరికి వచ్చింది పని. అమ్మీ పక్కనే కూర్చుంది. "ఐదే వెయ్యి. అలాగే ఉండాలి" అంది.

మామూ ఫోర్క్ పక్కన పెట్టాడు. "ఆపా, నేను నిద్రపోలేదు" అన్నాడు.

ముడి వేసిన ప్రతిసారీ ఊన్‌ని చురీతో తెంచాలి. ఆ రాత్రి చురీ ఎడమ చూపుడువేలికి దిగింది. నానా గుడ్డ చుట్టి పడుకోబెట్టారు. నికాకి పదిహేను రోజులే ఉంది. పువ్వు అంటే ముడి ముడికీ రంగు మార్చాలి, అంత వ్యవధి లేదు. ఆ మిగిలిన రేకు చోటంతా నానాయే ఎర్ర ఊన్‌తో నింపేశారు. పొద్దున్న ఎవరో అడిగితే పిల్లాడు నిద్రపోయాడు అన్నారు. ఆ మాటే నిలిచిపోయింది. "ఖూన్ కూడా పడింది. నేల ఎరుపే కదా, కనబడలేదు" అన్నాడు మామూ. ఆ ఏడాదే నాలుగో తరగతిలో బడి మాన్పించారు. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి. నికా అయ్యాక పంపుతామన్నారు.

నానా చెడ్డవారు కాదు. ఆయన కూడా ఆ రాత్రులన్నీ పక్కనే కూర్చుని నేశారు, ఊపిరితిత్తుల్లో ఊన్ ధూళితోనే పోయారు. అమ్మీ అప్పుడు పెళ్ళికూతురు, మాంఝా పసుపు బట్టల్లో లోపలి గదిలో కూర్చుని ఉంది. తనకి ఇవేవీ తెలియవు. ఆ రోజు తను ఏమీ అనలేదు. అస్ర్ అజాన్ అయ్యాక లేచి వెళ్ళి చాలాసేపు జానిమాజ్ మీదే ఉండిపోయింది.

మామూ ఆరు రేకులూ వేశాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ వేళ్ళు ఇదివరకటిలా వంగవు, మధ్యలో వేడినీళ్ళలో పెట్టుకునేవాడు. చివర కత్తెరతో నూగుని సమం చేసి, అరచేత్తో రుద్ది, అమ్మీ చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాడు. అమ్మీ వేలితో ఒక్కో రేకూ లెక్కపెట్టుకుంది. ఆరోదాని దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

వెళ్ళేరోజు మామూ మజూరీ అడిగాడు. మా ఇళ్ళలో తమ్ముడు అక్క ఇంటికి వచ్చి డబ్బు అడగడం ఉండదు, తెచ్చి పెట్టి పోవడమే ఉంటుంది. నేను ఫోన్ తీసి పంపించబోయాను. "నువ్వు కాదు బేటీ. ఆపా ఇవ్వాలి" అన్నాడు. అమ్మీ తన పెన్షన్ డబ్బులుండే బటువా తెప్పించుకుంది. రోజుకి 800 చొప్పున తొమ్మిది రోజులకి 7,200, నా చేత లెక్కపెట్టించి ఇచ్చింది. తర్వాత బటువాలో మిగిలినదంతా తీసి, "ఇవి అప్పటివి" అంది. ఎంతో నేను చూడలేదు. వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. రెండు కట్టలూ విడివిడిగా లెక్కపెట్టుకుని, రెండు జేబుల్లో పెట్టుకుని, సాయంత్రం ప్యాసింజర్‌కి ఏలూరు వెళ్ళిపోయాడు.

ఖాలీన్ ఇప్పుడు అమ్మీ గదిలో ఉంది. తమ్ముడు మళ్ళీ అడిగాడు, రంజాన్ అయ్యాక చూద్దాం అంది. నెలకోసారి తిరగేసి, వెనక నుంచి దులిపి, మూడు నెలలకోసారి తల వైపు కాళ్ళ వైపు మారుస్తున్నాం, ఒకే చోట అరగకుండా. మంచం కింద చీకట్లో ఉండే భాగాన్ని మరీ జాగ్రత్తగా చూసుకోమన్నాడు మామూ, చిమ్మటలు అక్కడే మొదలవుతాయట. ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడి గుడ్డతో అద్దడం, తర్వాత చల్లటి నీళ్ళు, ఇంకేమీ వద్దు. ఆ కంపెనీ నుంచి పండగ డిస్కౌంట్ మెసేజ్‌లు తమ్ముడి ఫోన్‌కి ఇంకా వస్తూనే ఉన్నాయి.